గ్యాస్‌ ఎటు పోతోంది?

పాత కారుకి ఎండాకాలం రాగానే ఏసీ గ్యాస్‌ పట్టించడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. కానీ అది పెట్రోల్‌లా ఖర్చయ్యే సరుకు కాదు. తగ్గిందంటే ఎక్కడో కారిపోతున్నట్టే. ఆ చిల్లు సంగతి చూడకుండా ఏటా నింపుకుంటూ పోతే చివరికి మిగిలేది వేడిగాలీ, పెద్ద బిల్లూ!

ఉగాది వెళ్లి పది రోజులవుతుందో లేదో, ఏ ఊరి ఆటోనగర్‌లో చూసినా కారు ఏసీ షాపుల ముందు వరస మొదలవుతుంది. పదేళ్లు, పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు నడిచిన మారుతీలూ శాంత్రోలూ ఇండికాలూ వ్యాగనార్‌లూ బానెట్లు తెరుచుకుని నిలబడి ఉంటాయి. ‘కూలింగ్‌ రావట్లేదు’ అంటాడు కారాయన. ‘గ్యాస్‌ అయిపోయింది సార్‌... కొట్టించేద్దాం’ అంటాడు మెకానిక్‌. అరగంటలో పని అయిపోతుంది. చల్లగాలి తగలగానే వెనక సీట్లో పిల్లల మొహాలు విచ్చుకుంటాయి. డబ్బులిచ్చి బయటపడతారు. మళ్లీ ఏడాదికి అదే షాపు, అదే వరస, అదే మాట!

‘పాత కారు కదా, మామూలే’ అని సర్దుకుపోతారు చాలామంది. నిజానికి అక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. గ్యాస్‌ అయిపోయింది సరే... ఎటు పోయింది?

రోహిణీ కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయని పెద్దల మాట. అలాంటి ఎండలో పసిబిడ్డనో, బీపీ ఉన్న పెద్దాయననో కూర్చోబెట్టుకుని రెంటచింతల నుంచో రామగుండం నుంచో బయల్దేరే కుటుంబానికి కారులో ఏసీ విలాసం కాదు. లారీ డ్రైవర్లకు సైతం అది అవసరమని గుర్తించే, 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్‌ తప్పనిసరి చేసింది కేంద్రం. కొత్త కారు కొనే వీలు అందరికీ ఉండదు. ఉన్న కారులోనే ఏసీని చక్కగా పనిచేయించుకోవచ్చు. కాకపోతే, అదెలా పనిచేస్తుందో కాస్త తెలియాలి.

కూజా చేసే పనే!

ఇంజెక్షన్‌ ఇచ్చేముందు నర్సు స్పిరిట్‌ రాస్తే చేయి చల్లగా అనిపిస్తుంది కదా. మట్టి కూజాలో నీళ్లు చల్లబడేదీ అందుకే. ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. కారు ఏసీ చేసేదీ ఇదే. తేడా అల్లా ఒక్కటే. కూజా నుంచి ఆవిరైన నీరు గాల్లో కలిసిపోతుంది. ఏసీలో ఆవిరైన గ్యాస్‌ని మాత్రం వదిలిపెట్టకుండా మళ్లీ ద్రవంగా మార్చి, మళ్లీ ఆవిరి చేసి... అలా తిప్పుతూనే ఉంటారు.

ఇంజిన్‌తో బెల్టు ద్వారా తిరిగే కంప్రెసర్‌ ఆ గ్యాస్‌ని గట్టిగా నొక్కుతుంది. నొక్కేసరికి అది కాగిపోతుంది. అక్కడి నుంచి రేడియేటర్‌ ముందు జల్లెడలా కనిపించే కండెన్సర్‌లోకి వెళ్లి, ఎదురుగాలికి వేడిని వదిలేసి ద్రవంగా మారుతుంది. తర్వాత డ్రయర్‌ అనే చిన్న డబ్బా. అందులోని గుళికలు తేమను పీల్చేస్తాయి. ఆపైన ఎక్స్‌పాన్షన్‌ వాల్వ్‌లోని సన్నని దారి గుండా డ్యాష్‌బోర్డు వెనక ఉండే కూలింగ్‌ కాయిల్‌లోకి చిమ్ముతుంది. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గడంతో అక్కడ ఆవిరైపోతూ కాయిల్‌ని చల్లబరుస్తుంది. బ్లోయర్‌ ఆ కాయిల్‌ మీదుగా గాలి ఊదుతుంది. అదే మనకు తగిలే చల్లగాలి. ఆవిరైన గ్యాస్‌ తిరిగి కంప్రెసర్‌కి... కథ మళ్లీ మొదలు.

మన పాత కార్లలో ఎక్కువగా ఉండే గ్యాస్‌ పేరు ఆర్‌-134ఏ. మామూలు గాలి ఒత్తిడి దగ్గర ఇది సున్నాకి దిగువన 26 డిగ్రీల చలిలోనే మరిగిపోతుంది. చిన్న కార్లలో పట్టేది అర కిలో, అటూ ఇటూ. ఏ కారుకి ఎన్ని గ్రాములో బానెట్‌ కింద అతికించిన కాగితం మీదో, కారుతో వచ్చిన పుస్తకంలోనో ఉంటుంది.

ఈ తిరుగుడులో ఎక్కడా గ్యాస్‌ కాలిపోదు, అరిగిపోదు. బిగువుగా ఉన్నంతకాలం లోపలే ఉంటుంది. సైకిల్‌ ట్యూబులో గాలి రోజూ దిగిపోతుంటే రోజూ పంపు కొట్టుకుంటూ ఎవరూ కూర్చోరు. ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూస్తారు. రెండు చక్రాల సైకిల్‌కి తీసుకునే ఆ మాత్రం శ్రద్ధ కారు ఏసీకి ఎందుకు తీసుకోరన్నదే చిత్రం!

ఫ్రిజ్‌కి లేని బాధ దీనికెందుకు?

ఇంట్లో ఫ్రిజ్‌లోనూ ఉండేది ఇలాంటి ఏర్పాటే. పదేళ్లయినా దానికి గ్యాస్‌ పట్టించకుండానే గడిచిపోతుంటుంది. కారణం సులువు. ఫ్రిజ్‌లో మోటారు, కంప్రెసర్‌ రెండూ ఒకే ఇనప గుండులో మూసేసి ఉంటాయి. గొట్టాలన్నీ లోహపువే, కీళ్లన్నీ అతికినవే. ఫ్రిజ్‌ వంటింటి మూల నుంచి కదలదు కూడా.

కారులో అలా కుదరదు. బెల్టు తిప్పాలి కాబట్టి కంప్రెసర్‌ ఇరుసు బయటికి రావాలి. ఇంజిన్‌ ఊగుతుంటుంది కాబట్టి గొట్టాల్లో కొంత భాగం రబ్బరుది పెట్టాలి. విడదీయడానికి వీలుగా మరలతో బిగించిన కీళ్లు ఉండాలి. ఇన్ని చోట్ల నుంచి ఏడాదికి కొద్ది గ్రాములు పోవడం సహజం. అందుకే నాలుగైదేళ్లకోసారి కాస్త గ్యాస్‌ తగ్గిందంటే కంగారుపడక్కర్లేదు. ఏటా పట్టించాల్సి వస్తోందంటే మాత్రం అది సహజం కాదు, లీకు. నింపిన నెలకే చల్లదనం తగ్గిందంటే పెద్ద లీకే.

ఈ లీకులకు అలవాటైన చోట్లు కొన్ని ఉన్నాయి. మొదటిది గొట్టాల కీళ్ల దగ్గర ఉండే ఓ రింగులు. ఏళ్ల తరబడి ఇంజిన్‌ వేడికి ఎండి, గట్టిపడి, పగులుతాయి. రెండోది కంప్రెసర్‌ ఇరుసు దగ్గరి సీల్‌. మూడోది కండెన్సర్‌. బండి ముందుభాగంలో ఉంటుంది కాబట్టి రోడ్డు మీది కంకరరాళ్లు, బురద, సముద్రపు ఊళ్లలో అయితే ఉప్పుగాలి... అన్నిటి దెబ్బా దానికే. నాలుగోది గ్యాస్‌ ఎక్కించే చోట ఉండే చిన్న వాల్వ్‌. సైకిల్‌ ట్యూబు వాల్వ్‌ లాంటిదే. దానిమీద ఉండాల్సిన ప్లాస్టిక్‌ మూత చాలా కార్లలో కనిపించదు! అయిదోది, అందరూ భయపడేది... కూలింగ్‌ కాయిల్‌. అది కారితే చాలా కార్లలో డ్యాష్‌బోర్డు విప్పాల్సిందే.

ఓ రింగు నుంచి కంప్రెసర్‌ దాకా

‘కారితే కారింది, ఏటా గ్యాస్‌ డబ్బులేగా’ అనుకోవడానికి లేదు. ఎందుకంటే ఏసీ గొట్టాల్లో గ్యాస్‌ ఒక్కటే తిరగదు. కంప్రెసర్‌లోని భాగాలు అరిగిపోకుండా కాపాడే నూనె కూడా దానితో కలిసే తిరుగుతుంది. గ్యాస్‌ కారిన చోట నూనె కూడా కొద్దికొద్దిగా కారుతుంది. పైగా గ్యాస్‌ తగ్గితే, ఉన్న నూనెని తిప్పి కంప్రెసర్‌కి చేర్చే శక్తి కూడా తగ్గుతుంది. నూనె అందని కంప్రెసర్‌ లోపల రాపిడి పెరిగి, చివరికి పట్టేస్తుంది.

అక్కడితో అయిపోదు. అరిగిన లోహపు రజను గొట్టాల వెంట పరుగెత్తి కండెన్సర్‌లో, ఎక్స్‌పాన్షన్‌ వాల్వ్‌లో ఇరుక్కుంటుంది. అన్నీ కడగాలి, కొన్ని మార్చాలి. పదుల రూపాయల ఓ రింగుతో పోయేది వేల రూపాయల కంప్రెసర్‌ మీదికొస్తుంది. గ్యాస్‌ మరీ తగ్గితే కంప్రెసర్‌ని ఆపేసే ప్రెషర్‌ స్విచ్‌ చాలా కార్లలో ఉంటుంది. ఏసీ పనిచేయట్లేదని దాన్ని తప్పించి వైర్లు నేరుగా కలిపేసే వాళ్లూ ఉన్నారు. అలా చేయడమంటే కాపలా కుక్కని కట్టేసి దొంగకి తలుపు తీసినట్టే!

గాలికి పోయే గ్యాస్‌ వల్ల భూమికి జరిగే చేటు కూడా తక్కువది కాదు. భూమిని వేడెక్కించడంలో ఒక కిలో ఆర్‌-134ఏ సుమారు 1,300 నుంచి 1,400 కిలోల కార్బన్‌ డయాక్సైడ్‌తో సమానమని శాస్త్రవేత్తల లెక్క. అంటే అర కిలో కారిపోతే సుమారు 300 లీటర్ల పెట్రోల్‌ కాల్చినంత పొగ వదిలినట్టు. లీటరుకి 15 కిలోమీటర్లు ఇచ్చే కారులో ఆ పెట్రోల్‌తో హైదరాబాద్‌ నుంచి విజయవాడకి ఎనిమిదిసార్లు వెళ్లి రావచ్చు.

చిల్లు పట్టేదిలా...

లీకును వెతకడానికి మొదటి ఆధారం నూనె మరకే. గొట్టం కీలు దగ్గర, కండెన్సర్‌ మీద ఒకచోట దుమ్ము నల్లగా, జిడ్డుగా పేరుకుని ఉంటే అనుమానించాల్సిందే. ఈ మాత్రం బానెట్‌ ఎత్తి టార్చిలైటు వేసుకుని ఎవరైనా చూడొచ్చు.

తర్వాతది మెకానిక్‌ పని. పెద్ద లీకులైతే సబ్బు నురగ రాస్తే బుడగలొస్తాయి. గ్యాస్‌ మొత్తం పోయి ఉంటే నైట్రోజన్‌ ఎక్కించి, ఒత్తిడి నిలుస్తుందో లేదో చూస్తారు. సన్నని లీకులకు గ్యాస్‌ వాసన పసిగట్టి కూత పెట్టే పరికరం ఉంది. మరో పద్ధతి రంగు నూనె. గ్యాస్‌తో పాటు దాన్ని ఎక్కించి కొన్నాళ్లు తిప్పి, నీలికాంతి దీపం వేస్తే కారిన చోట పసుపుపచ్చగా మెరుస్తుంది. ఇవన్నీ కాస్త సమయం తీసుకునే పనులు. ఏప్రిల్‌ నెలలో వరసలో పది కార్లున్నప్పుడు ఏ మెకానిక్‌కైనా తీరిక దొరకడం కష్టమే. అందుకే తెలిసినవాళ్లు జనవరి, ఫిబ్రవరిలోనే బండిని చూపిస్తారు.

లీకు బాగుచేశాక గ్యాస్‌ నింపేముందు చేయాల్సిన పని మరొకటుంది... వ్యాక్యూమ్‌. గొట్టాల్లో చేరిన గాలిని, తేమని పంపుతో లాగేయడం. ఒత్తిడి బాగా తగ్గించినప్పుడు మామూలు వేడికే నీరు మరిగి ఆవిరై బయటికొచ్చేస్తుంది. దీనికి కనీసం అరగంటైనా పడుతుంది. తేమ మిగిలిపోతే ఎక్స్‌పాన్షన్‌ వాల్వ్‌ దగ్గర మంచుగడ్డై దారి మూసేస్తుంది. గ్యాస్‌తో, నూనెతో కలిసి లోపలి లోహాన్ని తినేసే ఆమ్లంగానూ మారుతుంది. పంపు ఆపాక కాసేపు ఆగి గేజీ ముల్లు కదలకుండా ఉందో లేదో చూడటం కూడా ఇందులో భాగమే. ముల్లు పైకి పాకితే ఇంకా లీకు ఉన్నట్టు. గొట్టాలు విప్పి పనిచేసినప్పుడు డ్రయర్‌ని కూడా మార్చాలి. అందులోని గుళికలు బయటిగాలిలోని తేమను పీల్చుకుని అప్పటికే నిండిపోయి ఉంటాయి.

ఇక గ్యాస్‌ నింపడం. ఇక్కడే చాలామంది గేజీ చూసి సరిపెట్టేస్తారు. వంటగ్యాస్‌ సిలిండర్‌ సంగతి గుర్తుచేసుకోండి. చివరి రోజు దాకా మంట ఒకేలా ఉంటుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే తూకం వేయాలి. ఏసీ గ్యాస్‌ కూడా అంతే. ఇంజిన్‌ ఆపి చూస్తే 30 డిగ్రీల వేడిలో ఆర్‌-134ఏ గేజీ మీద దాదాపు 97 పీఎస్‌ఐ చూపిస్తుంది... లోపల అర కిలో ఉన్నా, పావు కిలో ఉన్నా! ఇంజిన్‌ నడుస్తున్నప్పుడు కనిపించే అంకెలు బయటి ఎండనీ, ఇంజిన్‌ వేగాన్నీ బట్టి మారిపోతుంటాయి. కాబట్టి ఉన్నది పూర్తిగా తీసేసి, కంపెనీ చెప్పినన్ని గ్రాములు తూచి ఎక్కించడమే సరైన పద్ధతి. ‘కొంచెం ఎక్కువే పెట్టు బాబూ’ అని అడగడం వల్ల లాభం లేదు. గ్యాస్‌ ఎక్కువైతే ఒత్తిడి పెరిగి చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్‌కీ భారమే.

నేరం గ్యాస్‌ది కానప్పుడు

చల్లగాలి రాకపోతే ప్రతిసారీ గ్యాస్‌నే అనుమానించాలని లేదు. లక్షణాన్ని బట్టి రోగాన్ని ఊహించొచ్చు.

హైవే మీద చల్లగా ఉండి, సిగ్నల్‌ దగ్గర ఆగగానే వేడిగాలి వస్తోందా? చూడాల్సింది కండెన్సర్‌ ఫ్యాన్‌ని. బండి కదులుతుంటే ఎదురుగాలి చాలుతుంది. ఆగినప్పుడు ఫ్యానే దిక్కు. ఏసీ వేసి బానెట్‌ ఎత్తి చూస్తే అది తిరుగుతోందో లేదో తెలిసిపోతుంది. తిరుగుతున్నా ఫలితం లేకపోతే కండెన్సర్‌ రేకుల మధ్య దుమ్ము, పురుగులు, ఎండుటాకులు పేరుకుని ఉండొచ్చు. ఇంజిన్‌ చల్లారాక మామూలు పైపు నీళ్లతో నెమ్మదిగా కడిగితే చాలు. వాటర్‌ సర్వీసింగ్‌లో వాడే గట్టి ధారని దగ్గరగా కొడితే ఆ పల్చటి రేకులు వంగిపోయి గాలి దారులే మూసుకుపోతాయి.

బయల్దేరినప్పుడు బాగానే ఉండి, గంట ప్రయాణం తర్వాత చల్లదనం మాయమై, కాసేపు ఆగితే మళ్లీ వస్తోందా? కంప్రెసర్‌ ముందుండే మాగ్నెట్‌ క్లచ్‌ అరిగి ఉండొచ్చు. పలకల మధ్య సందు పెరిగితే వేడెక్కినప్పుడు పట్టు దొరకదు. ఏసీ స్విచ్‌ నొక్కగానే ‘టక్‌’మని వినిపించాల్సిన చప్పుడు వినిపించదు. కొన్నిసార్లు సందు సరిచేస్తే పనైపోతుంది, కంప్రెసర్‌ మార్చక్కర్లేదు. థర్మోస్టాట్‌ చెడి కాయిల్‌ మీద మంచు పేరుకున్నా ఇలాగే అవుతుంది. అప్పుడు మాత్రం గాలే తగ్గిపోతుంది.

గాలి చల్లగానే ఉంది కానీ జోరు లేదా? దుమ్ము పట్టిన ఫిల్టరో, కాయిలో కారణం. పాత చిన్న కార్లలో చాలావాటికి క్యాబిన్‌ ఫిల్టర్‌ ఉండదు. రోడ్డు మీది దుమ్మంతా తడి కాయిల్‌కి అతుక్కుని మట్టి పూతలా తయారవుతుంది. తీసి కడిగించడమే మార్గం.

ముందు సీటు కింద కార్పెట్‌ తడుస్తోందా? భయం లేదు. కాయిల్‌ మీద చేరిన నీరు బయటికి పోయే సన్న గొట్టం మూసుకుపోయి ఉంటుంది. ఏసీ వేసిన కారు కింద నీటి చుక్కలు పడటం మంచి లక్షణమే. ఏసీ ఆపినా సరే వేడిగాలే వస్తోందంటే హీటర్‌ వాల్వ్‌ సరిగా మూసుకోక రేడియేటర్‌ వేడినీళ్లు లోపల తిరుగుతున్నట్టు. అలాంటి కారుకి ఎంత గ్యాస్‌ పట్టించినా ఒకటే!

పెట్టెలోంచి డ్యాష్‌బోర్డులోకి

కారులో ఏసీకి పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో ప్యాకార్డ్‌ కంపెనీ 1940 మోడల్‌ కార్లకి తొలిసారి దీన్ని అమర్చింది. ధర 274 డాలర్లు. కూలింగ్‌ కాయిల్‌ వెనక డిక్కీలో సగం చోటు ఆక్రమించేది. కంప్రెసర్‌కి క్లచ్‌ లేదు. ఏసీ వద్దనుకుంటే కారు ఆపి, బానెట్‌ ఎత్తి, బెల్టు ఊడదీయాలి!

అప్పట్లో వాడే గ్యాస్‌ ఆర్‌-12. అమెరికన్‌ ఇంజినీరు థామస్‌ మిడ్‌గ్లీ బృందం 1928లో దీన్ని కనిపెట్టింది. విషం కాదు, మండదు అని చూపించడానికి 1930లో ఓ సభలో మిడ్‌గ్లీ ఆ గ్యాస్‌ని పీల్చి, కొవ్వొత్తి మీదికి వదిలి దాన్ని ఆర్పేశాడు. కానీ ఇలాంటి గ్యాస్‌లు పైకెళ్లి ఓజోన్‌ పొరను తినేస్తాయని 1974లో రోలండ్‌, మొలీనా అనే శాస్త్రవేత్తలు హెచ్చరించారు. 1985లో అంటార్కిటికా పైన ఓజోన్‌ పల్చబడిన సంగతి బయటపడింది. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందానికొచ్చాయి. మనదేశం 1992లో అందులో చేరింది. 2010 కల్లా అభివృద్ధి చెందుతున్న దేశాల్లోనూ ఆర్‌-12 తయారీకి తెరపడింది. ఓజోన్‌కి హాని చేయని ఆర్‌-134ఏ దాని స్థానంలోకి వచ్చింది. అది కూడా భూమిని వేడెక్కిస్తుంది కాబట్టి 2016లో కిగాలీలో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇలాంటి వాటి వాడకాన్ని క్రమంగా తగ్గించాల్సి ఉంది. మనదేశం 2021లో దానికి ఆమోదం తెలిపింది. ఐరోపాలో 2017 నుంచి కొత్త కార్లలో ఆర్‌-134ఏ వాడట్లేదు. దాని బదులు ఎక్కువగా వాడేది ఆర్‌-1234వైఎఫ్‌.

పాత కారున్నవాళ్లకి ఈ చరిత్రతో పనేంటంటారా? ఉంది. అంబాసిడర్‌, పద్మిని, తొలినాళ్ల మారుతి 800 లాంటి వాటిలో ఆర్‌-12 కోసం చేసిన ఏసీలు ఇంకా ఉండొచ్చు. వాటిలో ఆర్‌-134ఏని నేరుగా ఎక్కించకూడదు. పాత నూనె దీనితో కలవదు. నూనె తీసి తగినది పోయాలి, ఓ రింగులు, డ్రయర్‌ మార్చాలి, ఎక్కించే చోట అమరికలూ మార్చాలి. గ్యాస్‌ కూడా పాత తూకంలో సుమారు 80 నుంచి 90 శాతమే పట్టించాలి. రెండు గ్యాస్‌లు ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు. కొత్త ఆర్‌-1234వైఎఫ్‌ కూడా పాత కార్లలో వాడేది కాదు.

చౌకగా వస్తోందని పేరులేని సిలిండర్ల జోలికి వెళ్లడం మరీ ప్రమాదం. వంటగ్యాస్‌ జాతి వాయువులు బాగానే చల్లబరుస్తాయి. కానీ డ్యాష్‌బోర్డు వెనక కారితే ఒక్క నిప్పురవ్వ చాలు. 2011లో కొన్ని దేశాల రేవుల్లో సరుకు రవాణా చేసే శీతల కంటైనర్లు పేలి కార్మికులు చనిపోయారు. ఆర్‌-134ఏ పేరుతో అమ్మిన నకిలీ గ్యాస్‌లో మిథైల్‌ క్లోరైడ్‌ కలవడం, అది అల్యూమినియంతో చర్య జరపడం అందుకు కారణమని తేలింది. కారు ఏసీలో అల్యూమినియం లేని చోటేదీ?

వారానికి పది నిమిషాలు

ఏసీ ఆరోగ్యం కాపాడటానికి ఇంట్లోవాళ్లు చేయగలిగినవి చిన్న పనులే.

వానాకాలం, చలికాలం అని చూడకుండా వారానికోసారి పది నిమిషాలు ఏసీ వేయాలి. నూనె తిరిగి ఇరుసు సీల్‌ ఎండిపోకుండా ఉంటుంది. నెలల తరబడి ఆపేసి మార్చిలో ఒక్కసారిగా వేసే కార్లకే సీల్‌ లీకులు ఎక్కువ. వానలో అద్దాల మీది ఆవిరి కూడా ఏసీ వేస్తే ఇట్టే పోతుంది.

ఎండలో నిలిపిన కారు ఎక్కగానే ఏసీ వేసి అద్దాలు బిగించకూడదు. తలుపులు కాసేపు తెరిచి, అద్దాలు దించుకుని ఓ అర కిలోమీటరు నడిపితే లోపలి వేడిగాలి పోతుంది. ఆ తర్వాత అద్దాలు ఎత్తి, బయటిగాలి రాకుండా లోపలి గాలే తిరిగేలా మీట జరపాలి. చల్లబడిన గాలినే మళ్లీ చల్లబరచడం ఏసీకి తేలిక.

ఇల్లు చేరడానికి రెండు మూడు నిమిషాల ముందు ఏసీ ఆపి బ్లోయర్‌ మాత్రం ఉంచితే కాయిల్‌ ఆరుతుంది. తడి కాయిల్‌ మీద పెరిగే బూజు వల్లే ఏసీ వేయగానే ముక్కిపోయిన వాసన వచ్చేది. దాన్ని సెంటు డబ్బాతో కప్పిపుచ్చితే వాసన మారుతుందే తప్ప బూజు పోదు.

గొట్టాలు విప్పడం, గ్యాస్‌ వదలడం మాత్రం సొంతంగా చేయకూడదు. చిమ్మిన గ్యాస్‌ తగిలితే చర్మం, కళ్లు క్షణాల్లో గడ్డకట్టినంత దెబ్బతింటాయి.

ఇవి ప్రాణాలకు సంబంధించినవి

ఏసీ ఎంత బాగున్నా మరవకూడనివి రెండున్నాయి. ఒకటి, ‘అయిదు నిమిషాల్లో వచ్చేస్తా’నంటూ పిల్లల్ని కారులో వదిలి వెళ్లడం. పాత కారులో ఇంజిన్‌ ఎప్పుడాగుతుందో, ఏసీ ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం. ఎండలో నిలిపిన కార్ల లోపలి వేడిని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌ పరిశోధకులు కొలిచి 2005లో ఫలితాలు ప్రకటించారు. గంటలో సగటున 22 డిగ్రీల సెల్సియస్‌ పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే! అద్దాలు కొద్దిగా దించి ఉంచినా పెద్ద తేడా కనిపించలేదు. పెద్దలకంటే పిల్లల ఒళ్లు చాలా త్వరగా వేడెక్కుతుంది.

రెండోది, ఇంజిన్‌ నడుస్తుండగా ఏసీ వేసుకుని కారులో నిద్రపోవడం. పాత కారు సైలెన్సర్‌ గొట్టానికి ఎక్కడ చిల్లుందో తెలియదు. మూసిన షెడ్డులోనో, గోడ పక్కనో నిలిపిన కారులోకి కార్బన్‌ మోనాక్సైడ్‌ చేరితే రంగూ ఉండదు, వాసనా ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది.

మెకానిక్‌ని ఇలా అడగండి!

* లీకు ఎక్కడుందో చూశారా? ఏ పద్ధతిలో చూశారు?

* మా కారుకి ఎన్ని గ్రాములు పట్టాలి? తూచి నింపుతారా?

* వ్యాక్యూమ్‌ ఎంతసేపు పెడతారు? ఆపాక ముల్లు నిలిచిందా?

* విప్పిన చోట ఓ రింగులు, డ్రయర్‌ కొత్తవి వేశారా? పోయిన నూనె ఎంత పోశారు?

* సిలిండర్‌ మీద గ్యాస్‌ పేరు, కంపెనీ పేరు ఉన్నాయా?

* పని పూర్తయ్యాక మధ్య గాలి జాలీ దగ్గర థర్మామీటర్‌ పెట్టి చూపిస్తారా? మండుటెండలో సైతం అక్కడ పది, పన్నెండు డిగ్రీలకు వస్తే ఏసీ బాగున్నట్టే.

ఇన్ని ప్రశ్నలు అడిగితే మెకానిక్‌ ఏమనుకుంటాడో అని మొహమాటం అక్కర్లేదు. పని తెలిసినవాడు ఇలాంటి ప్రశ్నలకు సంతోషంగానే జవాబిస్తాడు. నింపిన తేదీ, గ్రాములు, మార్చిన సామాన్లు ఓ కాగితం మీద రాయించుకుని కారులోనే ఉంచుకోవాలి. కూలింగ్‌ కాయిల్‌, కంప్రెసర్‌ రెండూ ఒకేసారి పోతే ఆ ఖర్చు కారు విలువతో పోల్చి చూసుకుని నిర్ణయం తీసుకోవచ్చు. అంతదాకా రాకుండా చూసుకోవడం మాత్రం మన చేతుల్లోనే ఉంది. వచ్చే ఏడాది ఎవరైనా ‘గ్యాస్‌ అయిపోయింది సార్‌’ అంటే... కాగితం తీసి చూపించి, ‘ఎటు పోయిందో ముందు చూద్దాం’ అనండి!